గుండె చెప్పిన చాడీ

మా తమ్ముడు గిబొమ్ వసంతంలో బస్సు నడపడం మానేసి గదిలో చేరాడు. డిప్రెషన్ అన్నారు. కారణమేమిటని కొరియాలోని మా తేగు ఊరి బజారంతా నన్నే అడిగేది. కారణమంటూ ఒకటుంటే దాన్ని నేనే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని. లేదు కాబట్టే దిక్కుతోచక, పచ్చళ్ల కొట్టు మూసి రాగానే వాడి తలుపు ముందు అన్నం పెట్టి, లోపల చెంచా చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. మందులు వేసుకుంటున్నాడు, నిద్ర పడుతోంది. నేను ఆస్పత్రికి లాక్కెళితే తప్ప గడప మాత్రం దాటడు. వాడంతట వాడు ఆ గడప దాటితే చాలు, నాకింకేమీ అక్కర్లేదు.

నవంబరులో డాక్టర్ ఓక్ వాణ్ణి ఒక పరిశోధనలో చేర్చుకుంది.

"డిప్రెషన్ ఉన్నవాళ్ల రక్తంలో విటమిన్ సి, ఇ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఎంతున్నాయో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కలిపి చూస్తున్నామండీ," అంటూ వాడి ఛాతీకి చిన్న బిళ్ల అంటించింది. "వారం పాటు ఈ బిళ్ల తీయకండి, గుండె వేగం ఇదే రాసుకుంటుంది. ఆ తర్వాత రక్తం తీస్తాం. రోజూ తినేదే తినాలి, ప్రత్యేకంగా ఏమీ పెట్టకండి."

అంకె వేసి చెప్పేది ఏదైనా సరే, పక్కవాడికన్నా ఎక్కువ రాకపోతే మావాళ్లకి ముద్ద దిగదు. పైగా కాలేజీ ప్రవేశపరీక్షల రోజులు. మార్కులు జారిపోతాయని ఏ ఇంట్లోనూ జారుడుగా ఉండే సముద్రపు నాచు పులుసు పొయ్యెక్కడం లేదు. నేనూ మానేశాను. పళ్లకొట్టు తాక్ వదిన ఒక కమలాల పెట్టె నా చేతుల్లో పెట్టింది.

"ఆ విటమిన్ ఏదో తక్కువొస్తే మన పరువేం కాను? పెట్టె ఖాళీ చేయించు," అంది.

"డాక్టరు వద్దంది కదా వదినా."

"వాళ్లు అలాగే అంటారు. ఫస్టు వచ్చినవాడి తల్లి కూడా మావాడు పుస్తకం ముట్టలేదనే చెబుతుంది."

రోజూ పొద్దున్నే సంచెడు కమలాలు వాడి పక్కన పెట్టి, "ఒక్కటి మిగిలినా ఊరుకోను," అని చెప్పి కొట్టుకు పోయేదాన్ని. సాయంత్రానికి సంచిలో తొక్కలే ఉండేవి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకలి పుట్టిందంటే మనిషి బాగుపడుతున్నట్టే కదా.

ఫలితాలు వచ్చాయని పిలిస్తే మంచి చొక్కా వేయించి మరీ తీసుకెళ్లాను.

"విటమిన్ సి బాగా తక్కువుందండీ," అంది డాక్టర్.

నాకు ఒళ్లు మండింది. "మీ మిషన్‌కి మతిపోయినట్టుంది. వీడు పెట్టెడు కమలాలు తిన్నాడు."

"ఏమీ పెట్టొద్దన్నాను కదా?"

నాలుక కరుచుకున్నాను. ఆవిడ తెర మీద గుండె గీతలు చూపించింది. మొదట్లో ఒకే తీరుగా సాగిన గీత, తర్వాతి రోజుల్లో మధ్యాహ్నం పూట చకచకా పైకెక్కి, కాసేపు ఎగిరెగిరిపడి, మెల్లగా దిగుతోంది.

"ఈ వేళకి మీకు దడ వస్తోందా గిబొమ్ గారూ?"

దడ అనేసరికి నాకు చెమటలు పట్టాయి. వాడు మెడ గోక్కున్నాడు.

"దడ కాదండీ. కొండెక్కుతున్నాను."

"ఏ కొండరా?" అన్నాను.

"మనింటి వెనక అప్సాన్. అన్ని కమలాలు నావల్ల కాలేదక్కా. చెత్తబుట్టలో వేస్తే నువ్వు చూస్తావు. పైన మంటపంలో పేకాడే ముసలమ్మలకిచ్చాను."

"మరి తొక్కలు?"

"తొక్కలు తిరిగివ్వకపోతే మా అక్క చంపేస్తుందన్నాను. పాపం, వాళ్లే ఏరి సంచిలో వేశారు."

"ఇక్కడ ఎగిరెగిరిపడుతోందే, ఇదేమిటి?" అంది డాక్టర్, నవ్వు ఆపుకుంటూ.

"పేకండీ. వాళ్లలో ఒకావిడ దొంగాట ఆడుతుంది. నేనూరుకోను."

వాణ్ణి తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. గడప దాటాడు. నా పోరు పడలేక దాటాడు. ఎలా దాటితేనేం, దాటాడు. డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను, నవ్వుతూనే.

"మందులు మానకండి, కొండా మానకండి," అందావిడ వాడితో. "కమలాలు ఇకమీదట మీరూ రెండు తినండి."

బస్సు దిగగానే వాడు కొండదారి పట్టాడు. "ఇవాళ పేక ముక్కలు పంచే వంతు నాది. ఆలస్యమైతే ఆవిడ నా చోట్లో కూర్చుంటుంది," అన్నాడు. నేనూ వెంట బయల్దేరాను. ఇన్ని నెలలూ లేవరా, కదలరా అని వాడి ప్రాణం తీసినదాన్ని, సగం మెట్లకే రొప్పుతూ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. వాడు రెండేసి మెట్లు ఎక్కిపోతున్నాడు.

"ఒరేయ్, కాస్త నెమ్మదిగా నడవరా," అని అరిచాను.