గాలి గొట్టం

పాతికేళ్ళు సముద్రాలు తిరిగిన ఆ అణు ఓడ ఇంధనం మార్పించుకోవడానికి మా జేమ్స్ నది ఒడ్డునున్న ఓడల యార్డుకు వచ్చింది. దాని రియాక్టర్లు ఓడ అడుగున ఉంటాయి. వాటిని చేరాలంటే అంతస్తు మీద అంతస్తు కోసి దారి చెయ్యాలి. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. అన్నాళ్ళూ కరెంటు తీగలూ గాలి గొట్టాలూ గుమ్మాల్లోంచే పోయేవి. యుద్ధంలో నీళ్ళనూ నిప్పునూ ఆపడానికి పెట్టిన ఉక్కు తలుపులు ఒక్కటీ మూసుకునేది కాదు. అందరం వాటిని దాటుకుంటూ తిరిగేవాళ్ళం.

నాది నిప్పు కాపలా. వెల్డరు గోడకు అవతల అతుకు వేస్తుంటే ఇవతల నేను మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడాలి. నా వెల్డరు థర్మన్.

"మిస్ వెర్లీన్, నిన్నటి నీ మొక్కజొన్న రొట్టె ఇక్కడ అతికించామంటే ఇంక వెల్డింగు అక్కర్లేదు," అన్నాడు ఆ ఉదయం.

"నీ అతుకులా నీళ్ళు కారదులే. నడు లోపలికి."

నవ్వుకుంటూ గుమ్మం దాటి, ఇరుకు దారిలో చివరిదాకా పోయి, ఖాళీ ట్యాంకులోకి దిగాడు. అతని వెనకే గాలి గొట్టం పాక్కుంటూ పోయింది. ట్యాంకుకూ నాకూ మధ్య ఒక్క ఉక్కు గోడే.

పొగ ఆ ఇరుకు దారిలోనే పుట్టింది. నూనె గుడ్డలు అంటుకున్నాయన్నారు. గుమ్మంలోంచి నల్లగా తన్నుకొచ్చి, కింది ఫ్యాన్లు లాగుతుంటే నా పక్కనున్న మెట్ల మీదుగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ముసుగులు తొడుక్కుని ఇద్దరు నావికులు లోపలికి వెళ్ళి, దగ్గుతూ వెనక్కి వచ్చేశారు.

"చివరిదాకా పోలేం, చీఫ్. నేల కాలిపోతోంది."

"అయితే తలుపు మూసెయ్యండి. గొడ్డళ్ళు తెండి, అడ్డమున్నవన్నీ నరికెయ్యాలి," అన్నాడు ఆ నావికుల అధికారి చీఫ్ డ్రిస్కల్.

"మావాడు లోపలున్నాడయ్యా!"

"కింద రెండొందల మంది ఉన్నారమ్మా. పొగంతా వాళ్ళ మీదికే పోతోంది. నన్నేం చెయ్యమంటావు?"

గొట్టం తెగితే థర్మన్‌కు గాలి లేదు. ట్యాంకు మూత వేసుకుంటే పొగ నుంచి తప్పించుకోవచ్చు. కానీ మూత పడాలన్నా ఆ గొట్టమే అడ్డం. దాన్ని అతనే వదులుకోవాలి.

కరెంటు ఆపేశారు. సుత్తుల మోత ఆగిపోయి ఓడ మూగబోయింది. నేను రెంచి తీసుకుని ఆపకుండా గోడను బాదాను. మా యార్డులో దానికి అర్థం ఒకటే: బయటికి రాకు, మూత వేసుకో.

"ఒక్క నిమిషం ఆగు బాబూ, నీకు దండం పెడతా," అన్నాను చీఫ్‌తో.

అతను ఎత్తిన గొడ్డలి పక్కన పెట్టలేదు, అలాగని వేటు వెయ్యనూ లేదు.

గొట్టం పట్టుకుని మెల్లగా లాగాను. బిగువుగా ఉంది. థర్మన్ వదలడం లేదు. ఊపిరాడే ఒకే ఒక్క దారిని ఎవడు వదులుతాడు? మళ్ళీ బాదాను. ఏడుస్తూ బాదాను. ఈసారి లాగితే తేలిగ్గా వచ్చింది. అవతల ఇనుము ఇనుముకు రాసుకున్న చప్పుడు.

గొట్టమంతా ఇవతలికి లాగేశాను. మిగతా తీగల్ని వాళ్ళు నరికేశారు. తలుపు చక్రం తిప్పడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

తర్వాత గోడను కొడుతూ కూర్చున్నాను. మొదట వెంటనే బదులొచ్చేది. గోడ వేడెక్కేకొద్దీ ఆలస్యంగా వచ్చింది. తర్వాత రావడం మానేసింది.

"ఇంక చాలమ్మా," అన్నాడు చీఫ్, నా పక్కన చతికిలబడుతూ.

"నీ పని చూసుకో నాయనా," అని కొడుతూనే ఉన్నాను.

మంట ఆరాక, వద్దంటున్నా వినకుండా వాళ్ళ వెనకే వెళ్ళాను. మూత ఎత్తారు. థర్మన్ ట్యాంకు అడుగున చొక్కా లేకుండా, నేలకు చెంప ఆనించి పడున్నాడు. పెదాలు నీలం. దీపం ముఖం మీద పడితే రెప్పలు కదిలాయి.

"ఎవరు?"

"నేనే, వెర్లీన్‌ని."

చేతులు చాచాను. అతను అందుకోలేదు. ఇంకా వెనక్కి, మూలకు జరిగాడు.

"ముందు నువ్వు నాచేత వేయించిన ఆ మూత అక్కణ్ణించి తీసెయ్యమను," అన్నాడు. "నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు."