వెనక గోడ

రంగుల మేస్త్రి పరంజా మీద నుంచి జారి, కొట్ల ముందున్న సిమెంటు మెట్టు మీద వెల్లకిలా పడ్డాడు. మెట్టు అంచు నడుముకు తగిలిన చప్పుడు, పక్కనే గోడకి పుయ్యడానికి లప్పం కలుపుతున్న అతని భార్యకు వినిపించింది. ఆమె చేతిలో లప్పం పూసే రేకు పట్టుకునే పరుగెత్తింది. పైన వెదుళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

"ఒరే బామ్మర్దీ, మీ అక్కని ఏడవద్దను. నేనింకా చావలేదు" అని మేస్త్రి నవ్వబోయి పళ్ళు బిగించాడు.

ఆమె అతని కాలివేళ్ళు పట్టుకుని నొక్కింది. "తెలుస్తోందా?"

"తెలుస్తోందే తల్లీ, గోళ్ళు గుచ్చుకుంటున్నాయి." బొటనవేలు కదిపి చూపించాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. అంబులెన్సుకి ఫోన్ చేశాడు కూడా. ఆ మాత్రం మంచితనం అతనిలో ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుంటూ తలెత్తి కొట్ల బోర్డులు చూశాడు. అప్పుడు మొహం మాడిపోయింది.

ఆ భవనానికి వీధివైపు కొట్లు, వెనకా పైనా అద్దె ఇళ్ళు. బీమా ఉంటేనే పనివాళ్ళని గేటు దాటనిస్తానని యజమాని పట్టుబట్టాడు. ఇళ్ళ పనికి ఒక బీమా, కొట్ల పనికి వేరే బీమా, రెండోదానికి రెట్టింపు సొమ్ము. కాంట్రాక్టరు మొదటిది కట్టి ఊరుకున్నాడు. యజమాని కాగితం మీద ముద్ర చూసి తృప్తిపడ్డాడు. మనిషి ప్రాణం మీద ఇద్దరికీ ఉన్న శ్రద్ధ అంతే. పనివాళ్ళకీ ఈ సంగతి తెలుసు. కొట్ల వైపు ఎవరికి వేలు తెగినా, మోకాలు పగిలినా, కుంటుకుంటూ వెనక గోడ దగ్గరికి వెళ్ళి అక్కడే దెబ్బ తగిలిందని చెప్పుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. అలా చెప్పినందుకు మందుల ఖర్చు వచ్చేది. ఇవాళ పడ్డవాడు నడవలేడు, అంతే తేడా.

"ఇక్కడ పడ్డాడంటే మీకు చిల్లిగవ్వ రాదు" అన్నాడు కాంట్రాక్టరు, మేస్త్రి బావమరిదితో. "ఆపరేషను ఎవడు చేయిస్తాడు, మీ తాతా? వెనక గోడ దగ్గర పడుకోబెట్టండి. అంబులెన్సుని ఆ గేటుకే రమ్మంటాను."

"వద్దయ్యా, కదపొద్దు! నడుం మీద పడ్డాడు" అంది ఆమె అడ్డం పడి.

"ఎంత దూరమమ్మా? ఇదిగో, ఈ సందు దాటడమే కదా!"

"అక్కా, బావ మంచికే గదే" అన్నాడు తమ్ముడు. నిజంగా అలాగే అనుకున్నాడు వాడు. బావ చంకల కింద చేతులు వేశాడు. అక్కడే ఉన్న సున్నం పనివాడొకడు కాళ్ళు పట్టుకున్నాడు.

సందు ఇరుకు. మలుపు దగ్గర మనిషిని వంచితే గానీ తిరగడానికి లేదు. వంచారు. మేస్త్రి పెట్టిన కేకకి పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది.

వెనక గోడ దగ్గర పడుకోబెట్టాక అతను మూలగడం మానేశాడు. ఆమె మళ్ళీ కాళ్ళ దగ్గర కూర్చుంది. "తెలుస్తోందా?"

"నొక్కవే మరి" అన్నాడు.

ఆమె నొక్కుతూనే ఉంది.

అంబులెన్సులో వచ్చినతను మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు తట్టి చూశాడు. "ఇక్కడే పడ్డాడా? ఎవరైనా కదిపారా? నిజం చెప్పండి, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది."

"ఇక్కడే సార్. ఈ గోడకి రంగేస్తూ పడ్డాడు. ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు కాంట్రాక్టరు.

కాంట్రాక్టరు ఆమె వైపు చూసిన చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది. ఆపరేషను డబ్బంతా ఆ చూపులోనే ఉందని ఆమెకు తెలుసు.

"అబద్ధం" అంది. "కొట్ల ముందు పడ్డాడు. అక్కడ వేలు కదిపాడు బాబూ, నేను చూశాను. మేమే మోసుకొచ్చాం."

వచ్చినతను పాదాల మీద నుంచి చేతులు తీశాడు. తర్వాత మెల్లగా, "మొయ్యకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఆ మాట తమ్ముడికీ వినిపించింది.

బండిలో ఒక్కరికే చోటు. ఆమె ఎక్కింది. తమ్ముడి వైపు చూడలేదు. చూసి ఉంటే వాడికి ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

బండి గేటు దాటగానే కాంట్రాక్టరు చెమట తుడుచుకున్నాడు. "ఆడమనిషి, కంగారులో ఏదో వాగింది అని సర్దిచెప్తాలే. బీమావాళ్ళు వచ్చేలోగా ముందున్న పరంజా ఊడదీసి ఇక్కడ కట్టాలి. పదండి, తొందరగా!" అంటూ కొట్ల ముందుకి నడిపించాడు. "ఒరే, నువ్వు ఆ చివర పట్టుకో."

తమ్ముడు కదల్లేదు.

"నీకే చెప్పేది. మీ బావ కోసమేరా!"

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"బావని మోశాను" అన్నాడు. "దీన్ని మొయ్యను."

సున్నం పనివాడు అప్పటికే వెదురు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఎత్తనూ లేదు, చెయ్యి తియ్యనూ లేదు. కాంట్రాక్టరు అతని వైపు తిరిగాడు.