మొదటి పేజీ లేని ప్రసంగం

చంద్రకళ పోయిన ఉదయం నేను పదో తరగతికి 1940 నాటి ఒక ప్రసంగం చెబుతున్నాను. తీరాల్లో పోరాడతాం, వీధుల్లో పోరాడతాం, లొంగిపోం అని యుద్ధకాలంలో బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో అన్నది. డయాలసిస్ మధ్యలో నా భార్య ప్రాణం పోయిందని పలాస నుంచి ఫోన్ వచ్చింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళాను.

మా వీధిలో మూత్రపిండాలు చెడి చనిపోయినవాళ్ళలో ఆమె పద్నాలుగో మనిషి. అందరం తాగింది ఒకే బోరు నీళ్ళు.

నెల తిరక్కముందే నిరంజన్ వచ్చాడు. నా పాత విద్యార్థి, ఇప్పుడు మండలానికి నాయకుడు. కిడ్నీ జబ్బుపై యుద్ధం అంటూ పలాసలో సభ పెడుతున్నాడట.

"మాస్టారూ, ఆ తెల్లోడి స్పీచు మాకు సెప్పేవోరు గదా. అలాటిది ఒకటి రాసీండి. జనం ఈలలెయ్యాల."

"అది పూర్తిగా విన్నావా?"

"వీడియో సూసాను. నిమిషమున్నర."

ఆ నిమిషమున్నరకు ముందు ఆ ప్రధాని చాలాసేపు ఓటమి గురించే చెప్పాడు. ముప్పై వేలమందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, జాడ తెలియకుండా పోయారు అన్నాడు. సైన్యాన్ని వెనక్కి తెచ్చుకోవడం గెలుపు కాదన్నాడు. మనకు స్వపరిపాలన వద్దన్న ఆ మనిషి మీద నాకు గౌరవం లేదు. కానీ పోయినదేమిటో ముందు చెప్పాలని ఆయనకు తెలుసు. నిరంజన్ తొమ్మిదో తరగతిలో కూడా జవాబులో చివరి వాక్యమే బట్టీ పట్టేవాడు.

జిల్లా అధికారులు వస్తారన్నాడు కాబట్టి ఒప్పుకున్నాను. మొదటి పేజీలో పద్నాలుగు పేర్లు, వయసులు, ఆ బోరు నీరు పరీక్షించాలన్న మాట రాశాను. రెండో పేజీ ఈలల కోసం.

సభలో నిరంజన్ దీపం వెలిగించి మైకు అందుకున్నాడు. జీడితోటల్లో పోరాడతాం, కొబ్బరితోటల్లో పోరాడతాం, బారువ తీరంలో పోరాడతాం అన్నాడు. జబ్బు అక్కడ ఇసుకలో దాక్కుందేమో. ఈలలు పడ్డాయి. అధికారులు చప్పట్లు కొట్టి కార్లెక్కారు. పేర్లు రాలేదు, బోరు మాటా రాలేదు.

నిరంజన్ కాగితాలు మోసే వరహాలు అనే మనిషిని వేదిక మెట్ల దగ్గర ఆపాను.

"మొదటి పేజీ ఏదయ్యా?"

"నానే తీసీసాను మాస్టారూ. దీపం ఎలిగించిన సోట సచ్చినోల పేర్లేటండి? మంచిది కాదు గదా."

"చచ్చినవాళ్ళ కోసమే కదా సభ?"

"అయినా సభ సభేనండి. మేడంగారి పేరుంది గదాని సింపలేదు, మడతెట్టాను."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇంతలో నిరంజన్ దండలతో వచ్చాడు.

"అదిరిపోనాది మాస్టారూ. వచ్చే నెల టెక్కలిలో ఇంకోటుంది."

"ఈ పేజీ చదువుతావా?"

"ముందు మూడ్ పాడవకూడదు గదండీ. ఆకర్న సూద్దాం."

"అయితే రాయను."

"కోపమేటి మాస్టారూ, మనం మనం" అంటూ ఫొటోలకు వెళ్ళిపోయాడు.

ఆ పేజీ నేనే రిజిస్టరు పోస్టులో జిల్లా అధికారులకు పంపాను. ఐదు నెలలైంది. ఆ బోరు నీటిని ఇంకా ఎవరూ పరీక్షించలేదు.