నిదానపు గుండె

ఊరు దాటి పత్తి చేల నడుమ తారురోడ్డు ఎక్కేసరికి గుర్వయ్య ఒళ్లు ఇంకా వేడెక్కలేదు. మొదటి రెండు కిలోమీటర్లూ ఎప్పుడూ అంతే. మోకాళ్లు గొణుగుతాయి. ఎడమ మడమ వెనక నరం బిగుసుకుంటుంది. నలభై ఏడేళ్లొచ్చాక ఎందుకీ పని అని ఒంట్లో ప్రతి కీలూ అడుగుతుంది. మూడో కిలోమీటరు దగ్గర, కోళ్లఫారం వాసన ముక్కుకు తగిలే చోట, అవన్నీ నోరు మూసుకుంటాయి. అక్కడి నుంచి జడ్చర్ల దాకా కాళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి.

తూర్పు తెల్లబడుతోంది. వీపు మీది సంచిలో ప్లాస్టిక్ కవరులో మడిచిన యూనిఫాం, నాలుగు జొన్నరొట్టెలు, ఉప్పు ఎక్కువేసిన మజ్జిగ సీసా. బక్కపలచని మనిషి. చెంపలు లోపలికి పోయాయి, పిక్కలు మాత్రం తుమ్మ కర్రల్లా గట్టిపడ్డాయి. బూట్లు ఒక సైజు పెద్దవి కావడంతో ముందు గుడ్డపేలికలు కుక్కుకున్నాడు. అయినా రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఊడిపోయి, మళ్లీ వంకరగా మొలిచాయి.

అతను పరుగు మొదలుపెట్టింది సరదాకు కాదు. కరువేడు మేత దొరక్క, తండ్రి మిగిల్చిన గొర్రెలమందను అమ్మేసి, మందుబిళ్లల కంపెనీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. డ్యూటీ ఏడింటికి. మొదటి బస్సు జడ్చర్ల చేరేది ఏడుంపావుకు. అరగంట ఆలస్యంగా రానిమ్మని చేరిన వారంలోనే అడిగాడు. రూలు ఒప్పుకోదన్నారు. కొన్న సైకిల్ మూడో నెలలోనే కంపెనీ గోడ పక్కన ఎవరో ఎత్తుకుపోయారు. ఆ తర్వాత పదిహేడు కిలోమీటర్లూ కాసేపు నడుస్తూ, కాసేపు ఉరుకుతూ వచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి నడక పోయి, రానూ పోనూ పరుగే మిగిలింది.

ప్రొడక్షన్ మేనేజరు శివకృష్ణ ఆ దారినే కారులో వెళ్తూ ఒక వారమంతా అతన్ని గమనించాడు. ఆయనకూ పరుగు పిచ్చే. హైదరాబాదులో తన జట్టుతో పాటు ఆదివారాలు పరిగెత్తేవాడు. గుర్వయ్యను అక్కడికి తీసుకెళ్లి, తన పాత బూట్లు ఇచ్చి, కంపెనీ పేరున్న అంగీ తొడిగించి, నిరుడు వంద కిలోమీటర్ల పందెంలో పేరు రాయించాడు. పద్నాలుగు గంటల్లో పూర్తి చెయ్యాలన్నాడు.

వంద కిలోమీటర్లంటే గుర్వయ్యకు కొత్త కాదు. పన్నెండేళ్ల వయసులో మంద వెంట కృష్ణానది ఒడ్డుదాకా అంతకంటే ఎక్కువే నడిచాడు. మందను ఉరికిస్తే మంద మిగలదని తండ్రి చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే పందెం పరిగెత్తాడు. వెనకాల మొదలై, తొందరపడ్డ వాళ్లను అరవయ్యో కిలోమీటరు నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాడు. కానీ ఎండలో ఉత్త నీళ్లే తాగాడు. ఉప్పు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఎనభై దగ్గర కడుపు తిప్పింది. ఎనభై ఆరు దగ్గర రెండు పిక్కలూ పట్టేసి, రోడ్డు మీద కూలబడి లేవలేకపోయాడు. గడువుకు ఇంకా గంటా నలభై నిమిషాలు ఉంది.

మిగిలింది పద్నాలుగు కిలోమీటర్లు. రోజూ ఇంటినుంచి గేటుకు ఉరికే దూరం కంటే మూడు తక్కువ. ఏడాదంతా అతన్ని తొలిచింది ఆ లెక్కే. "ఎనబై ఆరు ఉరికినోనివి, అది సాలదా?" అని భార్య నాగరాణి అనేది. నీళ్లలో, మజ్జిగలో ఉప్పు కలుపుకోవడం నేర్చుకున్నాడు. ఆదివారాలు మిడ్జిల్ ఊరు దాటి ఉరికి, ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగి ఇల్లు చేరేవాడు. పెళ్లిళ్లు మానుకున్నాడు, కల్లు మానుకున్నాడు. ఈ ఏటి పందేనికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆరూ నలభైకి గేటు చేరి, వెనక కుళాయి కింద స్నానం చేసి, యూనిఫాం తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. తలపైన గోడకు అతని బొమ్మే ఉంది. పందెంలో ఎవరో తీసిన ఫొటోను కంపెనీ వాళ్లు నిలువెత్తున అచ్చువేయించి, కింద 'మా మనుషులే మా బలం' అని రాయించారు. వచ్చేపోయే లారీ డ్రైవర్లు బొమ్మనూ అతన్నీ మార్చి మార్చి చూసి నవ్వేవారు.

పదింటికి కాంట్రాక్టు సూపర్‌వైజరు పరమేష్ పిలిచాడు. పక్క ఊరి పిల్లవాడే, ముప్పై దాటలేదు. ముందటి వారం కంపెనీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. గుర్వయ్య ఛాతీకి వైర్లు అంటించినతను కాగితం చూసి డాక్టరును పిలిచాడు. డాక్టరు మణికట్టు పట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టి, ఏం పని చేస్తావని అడిగాడు. గేటు దగ్గర కూర్చుంటానని గుర్వయ్య చెప్పాడు. పరుగు సంగతి ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

"గుండె నిమిషానికి నలబై ఒక్కసారే కొట్టుకుంటాందట," అన్నాడు పరమేష్ కాగితం తిప్పుతూ. "జర పెద్దగ గూడ అయిందట. పనికి పనికిరాడు అని రాసిన్రు గుర్వన్నా."

"నాకేం రోగం లేదు పరమేషూ. పొద్దుగాల ఉరికొస్తి గద."

"అదే భయం పైనోళ్లకు. రేపు రోడ్డు మీద వడితె నీ ఒంటి మీద కంపెనీ అంగీ ఉంటది. ఉరుకుడు బందు జేస్తనని రాసియ్యి. డ్యూటీ నేను నిలవెడ్త."

గుర్వయ్య కాగితం తీసుకుని శివకృష్ణ గదికి నడిచాడు. ఆయనకు తెలుసు. ఒక ఆదివారం పరుగయ్యాక ఇడ్లీలు తింటూ, తన గుండె వేగం యాభైకి దిగిందని ఆయనే అందరికీ చేతి గడియారం చూపించాడు. ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్ల గుండె నిదానంగానే కొట్టుకుంటుందని, అది బలమేనని చెప్పాడు. ఆ ఒక్క మాట ఇవాళ పైవాళ్లకు చెబితే చాలు.

శివకృష్ణ కాగితం చదివి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"నాకు తెలుసు గుర్వయ్యా. నీకేం కాదు. కానీ డాక్టర్ రాసినదాని మీద నేను సంతకం పెట్టలేను. రేపు ఏదన్నా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది."

"మీరు పోతున్నరు గద సార్, పందానికి?"

ఆయన కాగితాన్ని గుర్వయ్య వైపు జరిపాడు. పోతున్నానన్నాడు. ఈ ఒక్క సంవత్సరం వదిలెయ్యమని, వచ్చే ఏడు చూద్దామని అన్నాడు. ఫోను మోగితే తీసుకున్నాడు. గుర్వయ్య తలుపు మెల్లగా దగ్గరికేసి బయటికి వచ్చాడు.

మధ్యాహ్నం రొట్టెలు విప్పకముందే కూతురు మనస్వినికి ఫోన్ చేశాడు. మహబూబ్‌నగర్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. విషయం విని నిదానంగానే చెప్పింది: "అది రోగం కాదు బాపూ. ఉరికేటోళ్లకు గట్లనే ఉంటది. పెద్ద డాక్టరుకు చూపెడితె రాసిస్తడు. సార్లకు చెప్పు."

చెప్పిన బిడ్డా, అన్నాడు. అన్నం తిన్నవా అని అడిగి ఫోన్ పెట్టేశాడు. పెద్ద డాక్టరు హైదరాబాదులో ఉంటాడు. ఆయన రాసిచ్చేదాకా ఈ కుర్చీ ఖాళీగా ఉండదు. దీనికోసం ఊళ్లో ఆరుగురు పరమేష్ ఇంటి చుట్టూ తిరుగుతున్నారని గుర్వయ్యకు తెలుసు. రొట్టెలు నమిలాడు. రెండింటిని మళ్లీ సంచిలో పెట్టేశాడు.

మూడింటికి వెళ్లి సంతకం పెట్టాడు. ఇకమీదట ఇంటినుంచి డ్యూటీకి గానీ, పందేలకు గానీ పరిగెత్తననీ, పరిగెత్తితే తీసేసే హక్కు కాంట్రాక్టరుకు ఉందనీ కాగితంలో ఉంది. పరమేష్ చదివి వినిపిస్తుంటే ప్రతి వాక్యానికీ తలూపాడు. పిలగాడికి జాలి వేసినట్టుంది.

"బస్సుకే రా అన్నా ఇగ. ఏడున్నరకు వచ్చినా నేను జూసుకుంట. గంతదానికేంది."

గుర్వయ్య అతని మొహంలోకి చూశాడు. పనిలో చేరి ఎనిమిదేళ్లు. అప్పుడు ఒప్పుకోని అరగంట ఇప్పుడు ఒక్క మాటతో దొరికింది. ఆ అరగంట అప్పుడే ఇచ్చి ఉంటే పరుగే లేదు, పిక్కలు లేవు, ఎనభై ఆరు లేదు, ఇవాళ పోగొట్టుకునేదీ ఏమీ లేదు. "మంచిది," అన్నాడు.

సాయంత్రం వెళ్లేముందు కొరియరు వచ్చింది. గేటులోకి వచ్చే ప్రతి వస్తువూ పుస్తకంలో రాయడం అతని పని. పంపినవారి చోట పందెం వాళ్ల పేరు రాశాడు. ఎవరికి అన్నచోట తన పేరు రాశాడు. తీసుకున్నవారి సంతకం అన్న గడి ఖాళీగా వదిలి, కవరును బట్వాడా కాని వాటి అరలో పెట్టాడు.

బస్సులో కిటికీ పక్కన చోటిచ్చారు. కాలు నొచ్చిందా అని ఊరివాళ్లెవరో అడిగారు. లేదన్నాడు. తన కాళ్లకు అడుగడుగూ తెలిసిన రోడ్డు అరగంటలో వెనక్కి జారిపోయింది. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో కూర్చున్నవాడికి తెలియనే లేదు.

బస్సు దిగుతుంటే చూసి నాగరాణి చేటను గడప మీద పెట్టేసి ఎదురొచ్చింది. చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి గడప దాకా నడిచింది. "మంచిగనే అయింది. మోకాళ్లన్న మిగుల్తయి," అంది, చేట అందుకుంటూ. అతను అరుగు మీద కూర్చుని, కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీద ఆనించి ఉంచాడు. ఆమె పిలిచినా లేవలేదు.

పందెం రోజు ఆదివారం. గుర్వయ్య ఆ రోజు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. సోమవారం శివకృష్ణ కారు గేటులోకి వచ్చినప్పుడు లేచి నిలబడి, ఎప్పటిలాగే సలాం కొట్టాడు. ఆయన కుంటుతూ దిగాడు.

ఆ వారంలోనే రాత్రి కాపలా హనుమంతు, చిరిగిన దోమతెర బిగించుకోవడానికి పిన్నులు వెతుకుతూ, తడిమితే అవి తగిలిన ఆ అరలోని కవరు చింపాడు. నాలుగు పిన్నులూ తీసుకుని మిగతాది అక్కడే పడేశాడు. పందెంలో అంగీకి గుచ్చుకునే, తడిసినా చిరగని తెల్ల కాగితం, దాని మీద రెండు వందల పదిహేడు అనే పెద్ద అంకె, కింద గుర్వయ్య పేరు, నాలుగు మూలలా నాలుగు చిన్న బెజ్జాలు.