ముందు వరుసలో మనిషి

ట్రక్కులోంచి దించుతున్న అద్దాల బీరువా నీరజ్ ఎడమచేతిలోంచి జారింది. జారిందన్న సంగతి పగిలిన చప్పుడు విన్నాకే అతనికి తెలిసింది. సూపర్‌వైజర్ కేకలేయలేదు. తనే చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చి, ఇవాళ్టికి ఇంటికి వెళ్లమన్నాడు. సగంరోజు కూలి పోయింది.

అమ్మ చాముండేశ్వరి కారు తీసుకుని వచ్చింది.

"తెగిందా? ఏదీ, చూపించు."

"లేదమ్మా."

"కెనడా టీమ్ వాళ్ల మెడికల్ టెస్ట్ మన డాక్టర్ రాధారాణికే పడింది, దేవుడి దయ. మావాణ్ణి పాస్ చేసెయ్యవే అని ఫోన్ చేసి చెప్పేశాను. నువ్వేం నోరు విప్పకు."

ఏడేళ్లుగా నీరజ్ కెనడాలో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. చలికాలం ఆట లేనప్పుడు అమెరికాలో షామ్‌బర్గ్‌లోని అమ్మ దగ్గరికి వచ్చి ఫర్నిచర్ మోస్తాడు. కెనడా ఫుట్‌బాల్ అంటే బంతిని చేతులతో పట్టుకుని పరుగెత్తే ఆట. నీరజ్ లైన్‌మన్. బంతి ఉన్నవాడి మీదికి దూకే మనుషుల్ని ముందు వరుసలో నిలబడి ఒంటితో ఆపడమే పని. ఇన్నేళ్లలో ఒక్క ఆటలోనూ బంతి అతని చేతికి రాలేదు. "కెనడియన్ డాలర్లా బాబూ? మన డాలర్లలో చెప్పు!" అని పార్టీల్లో అంకుల్స్ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

అక్టోబరులో మెడకు తగిలిన దెబ్బతో ఎడమచెయ్యి మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. ముందు వరుసలో ఎవరూ చెప్పరు. చెప్పినవాడి చోట మర్నాడు ఇంకొకడు నిలబడి ఉంటాడు.

చాముండేశ్వరికి తెలిసిన మెడికల్ టెస్ట్ వీసా కోసం చేయించుకున్నది ఒక్కటే. పాసైతే బతుకు, ఫెయిలైతే తిరుగు విమానం. నీరజ్ ఒప్పందం అలాంటిది కాదు. గాయపడ్డవాడికి నయమయ్యేదాకా టీమే వైద్యం చేయించాలి. ఫిట్ అని డాక్టర్ తేల్చేస్తే మర్నాడే వదిలించుకోవచ్చు. ఈ నెలలోనే అతణ్ణి తీసేస్తున్నారని తోటి ఆటగాడు ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట అమ్మకింకా చెప్పలేదు. చెప్పాలంటే ఏదో ఒకటి అనిపించాలి. అతనికి ఏమీ అనిపించడం లేదు.

"అమ్మో! ఏం పెడుతున్నావే వీడికి?" అంది రాధారాణి, క్లినిక్‌లో పరీక్ష గదిలోకి వస్తూనే. "కూర్చోరా. టేబుల్ విరిగితే మీ అమ్మ కొనిస్తుందిలే."

నీరజ్ జాకెట్ జిప్‌తో తంటాలు పడుతున్నాడు. ఆమె కాసేపు చూసి, తనే కిందికి లాగింది. భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది. "నీ చెయ్యి సంగతి చూశాన్రా. అయినా మీ అమ్మకి మాటిచ్చేశాను. ఫిట్ అని పంపించేస్తా. రెస్ట్ తీసుకుంటే అదే సర్దుకుంటుంది."

'ఐయామ్ గుడ్.' ఏడేళ్లుగా ఏ డాక్టర్ అడిగినా అతను చెప్పింది ఆ మాటే. ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దాంటీ," అన్నాడు. "ఫిట్ అని చెప్పొద్దు."

"ఒరేయ్, పిచ్చా నీకు?" చాముండేశ్వరి కుర్చీలోంచి లేచింది. "జాబ్ పోతుందిరా!"

"జాబ్ ఆల్రెడీ పోయిందమ్మా. నెక్స్ట్ వీక్ కట్ చేస్తారు. ఫిట్ అంటే హ్యాండ్ కూడా పోతుంది. అప్పుడు వాళ్లు ట్రీట్‌మెంట్ ఇవ్వరు."

రాధారాణి చాముండేశ్వరివైపు చూసింది. తర్వాత సొరుగులోంచి సూది తీసింది.

"కళ్లు మూసుకో. గుచ్చగానే చెప్పు."

మూసుకున్నాడు. ఎక్కడో హీటర్ రొద. అమ్మ గాజుల చప్పుడు, చాలా దగ్గరగా. అతను ఎదురుచూశాడు.

"స్టార్ట్ చేయండి ఆంటీ."



కళ్లు తెరిచాడు. చూపుడువేలి కొసన చిన్న రక్తపు చుక్క. రాధారాణి సూది పక్కన పెట్టేసి కిటికీవైపు తిరిగి ఉంది. అతని ఎడమచెయ్యి అమ్మ రెండు అరచేతుల మధ్య ఉంది. ఎప్పటినుంచి ఉందో అతనికి తెలియదు.