కోసిన స్ప్రింగులు

చెరుకుపల్లి దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు పొట్ట నేలకు గీసుకుని కీచుమంది. వెనక సీట్లో కూర్చున్న అనసూయ గారు ముందు సీటు పట్టుకుని, "ఏంటమ్మాయ్ అదీ? ఏదన్నా ఊడిందా?" అంది.

"ఊడలేదండి," అంది కారు తోలుతున్న మాధవీలత. అంతకుమించి నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే తెలియదు.

అనసూయ గారు బాపట్ల ఆసుపత్రిలో నర్సు. మాధవీలత అదే ఊళ్ళో భూసార పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఇద్దరూ రేపల్లె నుంచి రోజూ ఈ కారులోనే వెళ్ళివస్తారు. రెండో స్పీడ్ బ్రేకర్ ఇంకాస్త ఎత్తుగా ఉంది. కారు దాని ముందు ఆగిపోయింది.

"దిగమంటావా?"

"తప్పదండి. క్షమించండి."

అనసూయ గారు మోకాలు పట్టుకుని దిగి, స్పీడ్ బ్రేకర్ అవతలిదాకా నడిచి, మళ్ళీ ఎక్కింది. బాపట్ల చేరేసరికి అలా ఆరుసార్లు దిగింది. నాలుగోసారి పక్కన టీ తాగుతున్న మనిషి, "ఏమ్మా, కారు నువ్వెక్కటానికా, కారుకి దారి చూపటానికా?" అన్నాడు. "నీ టీ చల్లారిపోద్ది, తాగు బాబూ," అని విసుక్కుంది ఆవిడ.

నిన్నటిదాకా ఈ కారు ఇలా లేదు. నిన్న ఆదివారం. భూసార నివేదికలు పంపాల్సిన గడువని మాధవీలత సెలవు రోజున కూడా ల్యాబుకు పోవలసి వచ్చింది. అందుకే తెనాలిలో మెకానిక్ యాసిన్ షెడ్డుకి కారు తీసుకెళ్ళే పని భర్తకు అప్పగించింది. కొత్త షాకబ్జర్ల పెట్టె అప్పటికే షెడ్డులో ఉంది. ఏం చెయ్యాలో కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

ఆ కాగితం వెనక మూడు నెలల ఆలోచన ఉంది. రేపల్లె నుంచి బాపట్లకు నలభై మూడు స్పీడ్ బ్రేకర్లు. ఏది ఎంత ఎత్తో ఆమెకు కంఠతా వచ్చు. ఏడాదికి మూడు నాలుగుసార్లు చెన్నై అవతల ట్రాక్ డే ఉంటుంది. అది పందెం కాదు. రేసుల కోసం వేసిన రోడ్డు మీద ఎవరి కారు వాళ్ళు, గడియారం ఒక్కదానితోనే పోటీ పడుతూ తోలుకునే రోజు. మలుపులో కారు ఒక పక్కకు ఒరగకూడదు. సోమవారం అదే కారు అనసూయ గారి మోకాళ్ళను కుదపకూడదు. రెండూ కావాలి. కారును కిందికి దించే సెట్టు వద్దనుకుంది. బిగుతు స్ప్రింగులూ వద్దనుకుంది. కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంచి, మర తిప్పితే గట్టిపడే షాకబ్జర్లు చాలు అని తేల్చింది. రోజూ తిరిగేటప్పుడు మెత్తగా, ట్రాక్ మీద నాలుగు మెట్లు గట్టిగా. చివరి గీత కింద రెండు గీతలు గీసి రాసింది: స్ప్రింగులు ముట్టుకోవద్దు.

ఆమె భర్త వినయ్ కుమార్ ఆ స్ప్రింగుల్నే గ్రైండరుతో కోయించాడు. ఒక్కోదానికి చుట్టున్నర. ఆదివారం సాయంత్రం ఆమె బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కారు గేటు ముందు బోర్లా పడుకున్న తాబేలులా ఉంది. టైరుకీ పైరేకుకీ మధ్య అరచెయ్యి దూరే సందు ఉండేది. ఇప్పుడు వేలు దూరదు.

"సర్‌ప్రైజ్!" అన్నాడు.

అప్పటికే నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని సూర్యలంక దాకా తిప్పి వచ్చాడు. ఫోటోలు స్టేటస్‌లో పెట్టాడు. "నీ కోసమే మాధవీ. శనివారం ట్రాక్ మీద అందరి కళ్ళూ దీని మీదే." ఫోన్ చేసిన ఆడపడుచు కూడా, "ఇంత పట్టించుకునే మొగుడు ఎవరికి దొరుకుతాడు వదినా?" అంది. మాధవీలత పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. కోపం రావడం కూడా తన తప్పే అన్నట్టు చూశారు ఇంట్లో.

కర్లపాలెం దాటాక కాలవ వంతెన ఉంది. వంతెనకీ రోడ్డుకీ మధ్య చిన్న ఎగుడు. రోజూ దాటేదే. ఇవాళ ఉదయం దాని మీద ఎడమ చక్రం పడగానే లోపల ఇనుము ఇనుముకి కొట్టుకుంది. కారు ఒక్క గెంతు గెంతి ఎదురుగా వస్తున్న బస్సు వైపు జరిగింది. మాధవీలత స్టీరింగు లాగి పట్టుకుంది. బస్సు హారన్ మోగిస్తూ చెవుల పక్కనుంచి పోయింది.

బస్సు పోయాక అనసూయ గారు, "కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడు, అట్టా అయింది నీ కారు పని," అంది. "సాయంత్రం నేను బస్సులో పోతాలేమ్మా. ఏమనుకోకు."

ఆ మాటతో మాధవీలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మీద కాదు.

పూట సెలవు పెట్టి, పొన్నూరు మీదుగా ముప్ఫై దాటకుండా తెనాలి చేరింది. యాసిన్ ఆమెను చూడగానే చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు.

"రండమ్మా. సారు చెప్పారా? ఎట్టా ఉంది?"

"నా కాగితం ఏదండి?"

యాసిన్ గోడకున్న మేకు వైపు చూశాడు. కాగితం అక్కడే గుచ్చి ఉంది. గ్రీజు మరక కూడా అంటలేదు.

"చదివారా?"

"చదివానమ్మా."

"స్ప్రింగులు కోస్తే ఏమవుద్దో మీకు తెలీదా?"

"తెలుసమ్మా. షాకబ్జరు అడుక్కి కొట్టుకుంటది. బండి గెంతుద్ది. సారుకి చెప్పాను కూడా. వినలా. ఎదురుగా నిలబడి కొయ్యమంటే నేనేం చెయ్యను?"

"నాకు ఫోన్ చెయ్యొచ్చుగా?"

"సారు ఉండగా మీకెందుకని..."

"బండి తోలేది నేను. ఇందాక బస్సు కింద పడబోయింది నేను. నాతో పాటు ఇంకో మనిషి. నాకెందుకా?"

షెడ్డు పక్క గదిలో కుట్టు మిషను చప్పుడు ఆగింది. యాసిన్ భార్య ఖతీజా టేపు మెళ్ళో వేసుకునే బయటికి వచ్చింది.

"గట్టిగా అడుగమ్మా. నా బట్టల కత్తెరతో ఒకసారి రేకు కోశాడీయన. మొగోళ్ళకి మన పనిముట్టంటే ఆట."

"నువ్వు లోపలికి పో ఖతీజా."

"పోను. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు నేను. మర్చిపోయావా?"

యాసిన్ తల వంచుకుని జాకీ తెచ్చాడు. ఎడమ ముందు చక్రం విప్పి, లోపలికి వంగి చూసి, వేలితో తుడిచి ఆమెకు చూపించాడు. వేలంతా నూనె. కొత్త షాకబ్జరు సీలు పోయింది.

"ఇది మార్చాలమ్మా. కంపెనీ నుంచి రావాలంటే పది రోజులు. స్ప్రింగులు గుంటూరు నుంచి ఎల్లుండికి తెప్పిస్తా."

"శనివారానికి కాదా?"

"కాదమ్మా."

మాధవీలత గోడకు ఆనుకుని నిలబడింది. ఈ శనివారం కోసం ఏప్రిల్ నుంచి చూస్తోంది. ఏడుపు వస్తుందేమోనని భయపడింది. రాలేదు. కోపం అలాగే గట్టిగా కూర్చుంది.

యాసిన్ పక్కకు వెళ్ళి ఫోన్ చేసినట్టున్నాడు. గంటన్నరకు వినయ్ కుమార్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. తను పనిచేసే రొయ్యల మేత కంపెనీ టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది.

"ఇంత చిన్నదానికి సెలవు పెట్టి ఇంత దూరం వచ్చావా? నాకు చెప్తే సరిపోయేదిగా!"

"చెప్పాను. రాసి ఇచ్చాను."

"ట్రాక్ మీద తోలే కార్లన్నీ కిందికే ఉంటాయి మాధవీ. నేను చూళ్ళేదా?"

"వాటికి వేసిన స్ప్రింగులు వేరు. కోసినవి కాదు. అవి రేపల్లె నుంచి బాపట్లకి మనుషుల్ని మొయ్యవు."

"అబ్బో. అన్నీ నీకే తెలుసు." అతను టోపీ తీసి తొడకు కొట్టుకున్నాడు. "ఎప్పుడో ఒకరోజు నాకంటే నాలుగు సెకన్లు తక్కువలో చుట్టి వచ్చావు. అప్పట్నుంచీ నీ కాలు నేల మీద ఆనట్లేదు."

ఖతీజా టేపును వేలికి చుట్టుకుంటూ అతని వైపే చూసింది.

మాధవీలతకు రెండేళ్ళ కిందటి మధ్యాహ్నం గుర్తొచ్చింది. అసలు ట్రాక్ సరదా అతనిదే. "భయపడకు, నువ్వూ ఓ చుట్టు వెయ్యి," అని తనే స్టీరింగు ఇచ్చాడు. సాయంత్రం గోడ మీద టైములు అతికించాక తిరుగు దారంతా రేడియో పెట్టి ఉంచాడు. మళ్ళీ ట్రాక్ మీద తోలలేదు. "నేను మేనేజర్ని" అనేవాడు అందరితో. ఆమె కూడా నవ్వేది.

"అంటే ఇదా?" అంది.

"ఏదా?"

"రెండేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది ఇదా అండి? ఆ రోజే నా మొహం మీద అనాల్సింది. నా బండిని కోశారెందుకు?"

"నీ కోసం చేస్తే..."

"నా కోసం కాదు. నా కోసమైతే కాగితం చదివేవాళ్ళు." గొంతు పెరిగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. జీవితంలో మొదటిసారి ఆమె ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. "అనసూయ గారు చచ్చిపోయేది ఇవాళ. నేనూ. మీరు స్టేటస్‌లో ఏ ఫోటో పెట్టేవాళ్ళు?"

వినయ్ కుమార్ ముఖం పాలిపోయింది. బస్సు సంగతి యాసిన్ అతనికి చెప్పలేదు. మెల్లగా, "నాకు తెలీదు," అన్నాడు.

"అడగలేదు కాబట్టి."

"సరే, తప్పే. పద, ఇంటికి పోదాం. కోపం తగ్గాక మాట్లాడుకుందాం."

"తగ్గదండి. తగ్గకుండానే మాట్లాడుకుందాం. మీరు పొండి. నేను రైల్లో వస్తా."

ఆమె యాసిన్ దగ్గరికి వెళ్ళి, కారు పని రాసుకునే జాబ్ కార్డు తెప్పించుకుని, పైన ఉన్న భర్త ఫోన్ నంబరు కొట్టేసి తన నంబరు రాసింది. యాసిన్ వినయ్ కుమార్ వైపు చూడబోయి, మానుకుని, కార్డు జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు మేడమ్?"

"ఎడమ ముందుది. నాలుగూ నా ముందే విప్పండి."

ఖతీజా లోపల్నుంచి మిషను దగ్గరి స్టూలు తెచ్చి వేసింది. వెనకాల మోటార్ సైకిల్ స్టార్టయ్యే చప్పుడు ఇంకా రాలేదు. మాధవీలత తల తిప్పి చూడలేదు. స్టూలును జాకీ దగ్గరికి ఇంకాస్త జరుపుకుని కూర్చుంది.