రెక్క మీద రాత

మా కికాయ్ దీవికి శరత్కాలంలో వచ్చే అతిథులు రెండు రకాలు. ఆకాశంలోకి చూస్తూ నడిచి గోతుల్లో పడేవాళ్లు వలస డేగల కోసం వచ్చినవాళ్లు. పొదల్లో తల దూర్చి ముళ్లకి గీరుకుపోయేవాళ్లు లేతనీలం సీతాకోకల కోసం వచ్చినవాళ్లు. అందరూ దిగేది నా సత్రంలోనే. ఏ రకంవాళ్లయినా అన్నం చల్లారాకే వస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా మరిది మసునరి రెండో రకం. చెరుకు రైతు. భార్య పోయాక ఈ సీతాకోకల పిచ్చి పట్టుకుంది. తెల్ల తువ్వాలు గిరగిరా తిప్పితే అవి కిందికి దిగుతాయి. వలతో పట్టి, రెక్క మీద మార్కరు పెన్నుతో ఊరు, తేదీ, తన గుర్తు రాసి వదిలేస్తాడు, అది ఎంతదూరం పోతుందో తెలియాలని. దేశమంతా ఇలాంటి పిచ్చివాళ్లున్నారు. ఒక ఏడు, ఉత్తరాన ఎక్కడో నగానో కొండల్లో ఫుకి అనే ఆవిడ రాసి వదిలిన సీతాకోక సముద్రం దాటి ఇతని వలలో పడింది. ఫోటో పంపాడు. ఆవిడ ఫోన్ చేసింది. ఆ ఫోన్లు ఇక ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా చెప్పుకునేదాకా వచ్చారు. ఈ వేసవిలో ఆవిడ ఒక మాట అంది. ఈసారి తన సీతాకోక మళ్లీ అతనికి దొరికితే, తనే దీవికి వస్తానని.

ఇంకేముంది, చెరుకు తోట గాలికి పోయింది.

"నువ్వే రమ్మని పిలవొచ్చు కదయ్యా," అన్నాను.

"పిలిస్తే మర్యాద కోసం వస్తుంది వదినా. అది దొరికితే మనసుపడి వస్తుంది."

ఉత్తరగాలి మొదలైంది. సీతాకోకలు పల్చబడ్డాయి. ఒక మధ్యాహ్నం నేను మేకమాంసం కోస్తుంటే పెరటి వైపు నుంచి వల పట్టుకుని వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నువ్వే కదూ?"

"నేనేం చేశానయ్యా?"

వల చూపించాడు. లోపలి సీతాకోక రెక్క మీద నగానో, ఆగస్టు తేదీ, ఫుకి గుర్తు.

"దొరికిందిగా. మొహం అలా పెట్టావేం?"

"అంత సముద్రం దాటి వచ్చినదానికి రెక్క అంచైనా చిరగదా? ఇది నిన్నో మొన్నో పుట్టింది. సిరా వాసన కూడా పోలేదు. ఆవిడ రాత ఎలా ఉంటుందో నువ్వు ఫోటోల్లో చూశావు. జాలిపడి రాసిపెట్టావు."

"ఈ చేతుల్తో రెక్క పట్టుకుంటే మిగులుతుందా? నీ మీద ఒట్టు, నేను రాయలేదు."

మెట్టు మీద కూలబడ్డాడు. నా నోరు ఊరుకోదు కదా.

"ఎవరు రాస్తేనేం? దొరికిందని చెప్పు. మనిషి వచ్చాక రెక్కలెవరు చూస్తారు?"

ఫోన్ తీశాడు. చాలాసేపు దానివంకే చూశాడు. ఆ మాట చెప్పేయాలని ఎంత ఆశగా ఉందో మొహంలో కనిపిస్తూనే ఉంది. నాకు నిజంగా జాలేసింది.

"వద్దు వదినా. అబద్ధం చెప్పి రప్పించుకోలేను. ఈ ఏడు దొరకలేదని చెప్పేస్తాను."

నంబరు నొక్కాడు. మేడ మీద ఫోన్ మోగింది.

పొద్దున ఓడలో దిగి, డేగల కోసం వచ్చానని చెప్పిన ఆవిడ గది అది. బైనాక్యులర్లు లేకుండా డేగలేమిటో అనుకున్నాను గానీ, పని తొందరలో మరిచిపోయాను. మోగుతున్న ఫోన్ చేత్తో పట్టుకుని ఆవిడ మెట్లు దిగింది.

"దొరకలేదని చెబుతారా?" అంది. మా మరిదికి ఫోన్లో విని విని అలవాటైన గొంతు. మసునరి లేచి నిలబడ్డాడు.

"ఇది మీరే రాశారా?"

"ఈ ఏడు ఎన్ని వదిలానో. ఒక్కదానికీ మీ దాకా వచ్చే బుద్ధి పుట్టలేదు. ఊరికే వస్తే ఎందుకొచ్చావని అడుగుతారేమోనని, ఈ సత్రం పెరట్లోనే ఒకదాన్ని పట్టి, రాసి వదిలాను. మీరు పోల్చుకోలేరనుకున్నాను."

మా మరిది బుర్ర గోక్కున్నాడు. "ఇది లెక్కలోకి రాదండి," అన్నాడు.

గరిటెతో ఒకటి వేద్దామనిపించింది.

ఆవిడ నవ్వి, అదే మెట్టు మీద కూర్చుంది. "అయితే అసలుది దొరికేదాకా ఇక్కడే ఉంటాను."

డేగలు వెళ్లిపోయాయి. సీతాకోకలూ దాదాపు వెళ్లిపోయాయి. వీళ్లిద్దరూ మాత్రం రోజూ వెతకడానికి బయల్దేరుతున్నారు. ఎటు పోతున్నారా అని నిన్న మేడెక్కి చూశాను. దారి చూపిస్తూ ముందు నడుస్తున్నది మా మరిదే. ఉప్పుగాలికి ఒక్క పువ్వూ పూయని పగడపు రాళ్ల ఒడ్డుకి తీసుకెళ్తున్నాడు.